ఫోన్‌తో పని, ఫోన్‌లో పని: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వాళ్లు అడిగే ప్రశ్నలు

ఒడిశా బరంపురంలో నాది డీటీపీ, జెరాక్స్, ఆన్‌లైన్ ఫారాల షాపు. పదమూడేళ్లయింది. మొదట్లో జనం పెళ్లి కార్డులకీ, సర్టిఫికెట్ల ఫారాలకీ వచ్చేవాళ్లు. ఇప్పుడు వచ్చేవాళ్లలో సగం మంది చేతిలో కాగితం ఉండదు, ఫోన్ ఉంటుంది. "అక్కా, ఇది కాస్త చూడు" అని కౌంటర్ మీద పెడతారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసు కాగితం మీద ఇంగ్లీషు. మన చిక్కులకి హైదరాబాద్ వాళ్లు తీసిన వీడియోల్లో జవాబులు దొరకవు. అడిగిన వాళ్లకి అడిగినప్పుడల్లా చెప్పి చెప్పి గొంతు పోయింది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

షాపు కోసం ముందు ఏది మొదలుపెట్టాలి? ఫేస్‌బుక్ పేజీనా, ఇన్‌స్టాగ్రామా, వెబ్‌సైటా?

ఈ మూడూ కాదు. ముందు గూగుల్ మ్యాప్‌లో మీ షాపు పెట్టండి. తర్వాత వాట్సాప్ బిజినెస్. చాలామందికి ఈ రెండూ చాలు. ఇంట్లో పైపు పగిలి నీళ్లు కారుతున్నవాడు ఇన్‌స్టాగ్రామ్‌లో ప్లంబర్‌ని వెతకడు, "దగ్గరలో ప్లంబర్" అని గూగుల్‌లో కొడతాడు.

సరుకు కంటికి నచ్చి కొనేదైతే లెక్క వేరు. బరంపురం పట్టు అమ్మేవాళ్లకి, పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు చేసేవాళ్లకి, మేకప్ చేసే అమ్మాయిలకి, ఫొటోగ్రాఫర్లకి ఇన్‌స్టాగ్రామ్ నిజంగా పనికొస్తుంది. అప్పడాలు, వడియాలు, పచ్చళ్లు అమ్మేవాళ్లకి ఫేస్‌బుక్కే మేలు. వాటిని కొనేవాళ్ల వయసు అక్కడుంది.

వ్యాపారం నంబరు ఎవరి పేరు మీద ఉండాలి?

మీ పేరు మీద. ఈ ఒక్క మాట ఒంటబట్టించుకుంటే మిగతా జవాబులు చదవకపోయినా ఫర్వాలేదు.

నా సంగతే చెబుతాను. షాపు పెట్టినప్పుడు నా దగ్గర ఆధార్ కాపీ సమయానికి లేక, మా పెదనాన్న కొడుకు పేరు మీద సిమ్ తీసుకున్నాను. ఇంట్లో వాడే కదా అనుకున్నాను. ఆ నంబరే బోర్డు మీద రాయించాను, విజిటింగ్ కార్డుల మీద వేశాను, నాలుగేళ్లు దానిమీదే వాట్సాప్ నడిపాను. మా గంజాం జిల్లా వాళ్లు ఎంతోమంది వెళ్లినట్టే అన్నయ్య సూరత్ మగ్గాల పనికి వెళ్లాడు. ఒకరోజు నా ఫోన్ పడిపోయి పగిలింది, సిమ్ కూడా పాడైంది. కొత్త సిమ్ కావాలని వెళ్తే కౌంటర్‌లో కుర్రాడు "ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే రావాలి, వేలిముద్ర వెయ్యాలి" అన్నాడు. వాడి తప్పేమీ లేదు, అదే పద్ధతి. సూరత్ నుంచి అన్నయ్య రావాలంటే రానూపోనూ రైలు, కూలి పోయిన రోజులు. దసరాకి గానీ రాలేనన్నాడు. ఈలోగా నంబరు మూగబోయింది, పాత కస్టమర్లు "అక్క షాపు మూసేసింది" అనుకున్నారు. పెళ్లి కార్డుల సీజన్ అంతా పక్క వీధి షాపుకి పోయింది.

మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఒక మనిషికి 9 కనెక్షన్ల దాకా ఉండచ్చు. మీకు తెలియని నంబరు కనిపిస్తే అది మీది కాదని అక్కడే చెప్పచ్చు. అలా చూసినప్పుడు, అమ్మకీ నాన్నకీ మీరు కొనిచ్చిన సిమ్‌లు ఎవరి పేరు మీద ఉన్నాయో కూడా బయటపడుతుంది.

ల్యాండ్‌లైన్ నంబరు మీద వాట్సాప్ బిజినెస్ వస్తుందా?

వస్తుంది. చాలామందికి తెలియదు. 0680తో మొదలయ్యే మన పాత నంబరు ఇంకా పనిచేస్తుంటే, కోడ్‌ని మెసేజ్‌గా కాకుండా కాల్‌గా పంపమని అడగండి. ల్యాండ్‌లైన్ మోగుతుంది, ఒక గొంతు ఆరు అంకెలు చదువుతుంది. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ తెలిసిన నంబరు ఉన్న మందుల షాపులకీ, నగల షాపులకీ ఇంతకంటే మంచి దారి లేదు.

సొంత వాట్సాప్, షాపు వాట్సాప్ ఒకే ఫోన్‌లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, నంబర్లు మాత్రం వేరుగా ఉండాలి. వాట్సాప్, వాట్సాప్ బిజినెస్ అని రెండు యాప్‌లు పక్కపక్కన ఉంటాయి. విడదీయడమే మంచిది. చిన్నత్త పంపిన శుభోదయం పువ్వుల బొమ్మ చీర ఆర్డర్ ఇచ్చినావిడకి వెళ్లిపోవడం నా కళ్లారా చూశాను. ఆవిడ తిరిగి నమస్కారం పెట్టింది, అది వేరే సంగతి.

ఒడిశా నంబరు పెట్టాలా, ఆంధ్రా నంబరు పెట్టాలా?

ఏదైనా ఒకటే. 2015 జూలై 3 నుంచి దేశంలో ఎక్కడికి మారినా అదే నంబరు ఉంచుకునే వీలుంది. ఇచ్ఛాపురం నుంచి ఇటొచ్చి షాపు పెట్టినా పాత నంబరు మార్చకండి.

గూగుల్ మ్యాప్‌లో షాపు పేరు ఏ లిపిలో పెట్టాలి?

బోర్డు మీద ఎలా ఉందో అలాగే. గూగుల్ నియమం కూడా అదే. పేరు పక్కన "బెస్ట్ సిల్క్ శారీస్ ఇన్ బరంపురం" లాంటివి తగిలిస్తే ప్రొఫైల్ ఆపేసే అవకాశం ఉంది. మన బోర్డుల మీద ఎలాగూ ఒడియా, ఇంగ్లీషు ఉంటాయి, కొన్నిచోట్ల తెలుగు కూడా ఉంటుంది. పేరు ఇంగ్లీషులో ఉంచి, కింద వివరణ రాసే చోట తెలుగులో రెండు వాక్యాలు, ఒడియాలో రెండు వాక్యాలు రాయండి. ఏ భాషలో మాట్లాడచ్చో కూడా అక్కడే రాయండి. "తెలుగు మాట్లాడతాం" అన్న రెండు మాటలు చూసి పాతపట్నం నుంచి, పలాస నుంచి ఫోన్ చేసినవాళ్లున్నారు.

మనకి అసలు తలనొప్పి ఊరి పేరు. మనం బరంపురం అంటాం. కార్పొరేషన్, రైల్వే స్టేషన్ బ్రహ్మపూర్ అంటాయి. యూనివర్సిటీ బెర్హంపూర్ అంటుంది. ఇది చాలదన్నట్టు పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరూ ఇంచుమించు ఇదే, ఇంగ్లీషులో చివరి రెండు మూడు అక్షరాలే తేడా. ఆన్‌లైన్ ఫారంలో ఊరి పేర్ల జాబితా కిందికి జారినప్పుడు కంగారుగా మొదట కనిపించినదాన్ని నొక్కితే బెంగాల్‌కి వెళ్లిపోయినట్టే. నా ప్రింటర్ టోనర్ ఒకసారి ముర్షిదాబాద్ చూసొచ్చింది, నేనింకా చూడలేదు. పిన్‌కోడ్ చూసుకోండి. మనది 760తో మొదలవుతుంది, వాళ్లది 742తో. ఉద్యోగాల సైట్లలో పరీక్ష కేంద్రం ఎంచుకునేటప్పుడు ఇంకా జాగ్రత్త. టోనర్ వెనక్కి వస్తుంది, పరీక్ష రాదు.

పర్లాకిమిడి వాళ్లది ఇంకో రకం కష్టం. ఒక్క ఊరి పేరుని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఒకటి, గూగుల్‌లో ఒకటి ఉంటే ఎక్కడో ఒకచోట సరిపోలక ఆగుతుంది. ఆధార్‌లో ఉన్నదే అన్నిచోట్లా వాడండి, అది మీకు నచ్చకపోయినా.

కస్టమర్లకి మెసేజ్ ఏ భాషలో రాయాలి?

వాళ్లు మీకు ఏ భాషలో రాశారో ఆ భాషలో. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే మీరూ అలాగే రాయండి, వాళ్లని దిద్దకండి. తెలుగులో రాసేటప్పుడు మాత్రం మాట్లాడినట్టు రాయండి. "తమరి వస్త్రములు సిద్ధముగా ఉన్నవి" అని ఒక దర్జీ బాబాయి పంపేవాడు, జనం అది కోర్టు నోటీసేమో అనుకునేవాళ్లు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాష్టారుగా ఉంటూ వాడుక భాష కోసం అంత పోరాడితే, మనం వాట్సాప్‌లో గ్రాంథికానికి దిగడం ఏం బాగుంటుంది? "మీ బ్లౌజు అయిపోయిందండి, సాయంత్రం రండి" చాలు.

గూగుల్ ట్రాన్స్‌లేట్, ఏఐ యాప్‌లతో ఒడియా ఉత్తరాలు రాయచ్చా?

రాయచ్చు, చదివి చూసే మనిషి పక్కన ఉంటే. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఒడియా 2020లో వచ్చింది. అంతకుముందు నా షాపులో ఒడియా అర్జీలన్నీ నోటితో చెప్పించుకుని టైప్ చేసేవాళ్లం. ఇప్పుడు పని తేలికైంది, తప్పులు కొత్తవయ్యాయి.

ఒకటి చూపిస్తాను. ఒడియాలో "సె" అంటే అతనూ అవుతుంది, ఆమె కూడా అవుతుంది. క్రియలోనూ ఆడ, మగ తేడా ఉండదు. తెలుగులో తేడా తప్పదు. ఒక నర్సమ్మ ఒడియాలో ఉన్న అనుభవ పత్రాన్ని విశాఖపట్నం ఆసుపత్రి కోసం తెలుగులోకి మార్చుకుని తెచ్చింది. మొదటి వరుసలో ఆవిడ పేరు, రెండో వరుస నుంచి "అతను మూడేళ్లు పనిచేశాడు, అతని ప్రవర్తన బాగుంది". ఆవిడే నవ్వుతూ చూపించింది. చూడకుండా పంపి ఉంటే అవతల వాళ్లు పత్రం మరెవరిదో అనుకునేవాళ్లు.

తెలుగు నుంచి ఒడియాకి వెళ్లేటప్పుడు మర్యాద చూసుకోవాలి. ఒడియాలో తు, తుమె, ఆపణ అని మూడు మెట్లు. యాప్ ఒక్కోసారి "తుమె" దగ్గర ఆగిపోతుంది. తహసీల్దార్ గారికి రాసే అర్జీలో అది పడితే చదివేవాళ్ల మొహం చూడాలి. మూడింటినీ గుర్తుపట్టడం నేర్చుకోండి, అక్షరాలు రాకపోయినా ఆ మాటల ఆకారం గుర్తుపడితే చాలు.

ఇంకోటి, కస్టమర్ల ఆధార్ కాపీలు, జబ్బు రిపోర్టులు, జీతం కాగితాలు తీసుకెళ్లి ఏఐ యాప్‌లో పెట్టకండి. పేర్లూ నంబర్లూ తీసేసి మిగతా మాటలు మాత్రం పెట్టండి.

డీటీపీలో తెలుగులో చేయించుకున్న మ్యాటర్‌ని ఫేస్‌బుక్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయి. ఎందుకు?

తప్పు మీది కాదు, మా డీటీపీ వాళ్లది. తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నాం. వాటిలో తెలుగు అక్షరం తెరమీద కనిపించినా, లోపల దాచిపెట్టింది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు లేనిచోట ముసుగు ఊడిపోతుంది, గీతలు మిగులుతాయి. ఫోన్లు, గూగుల్, ఫేస్‌బుక్ అన్నీ చదివేది యూనికోడ్‌ని, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఉన్న పద్ధతిని. అందుకే అచ్చుకి ఇచ్చేటప్పుడే "యూనికోడ్ కాపీ కూడా ఇవ్వండి" అని అడగండి. పాత ఫైళ్లని మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక వత్తులు ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

రెజ్యూమె విషయంలో ఇది మరీ ముఖ్యం. అలాంటి ఫాంటులో చేసిన పీడీఎఫ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఉద్యోగాల సైట్‌లో కంప్యూటర్ దాన్ని చదవబోతే ఒక్క ముక్క అర్థం కాదు.

వాట్సాప్ గ్రూపు పెట్టాలా, బ్రాడ్‌కాస్ట్ లిస్టా?

కస్టమర్లకైతే బ్రాడ్‌కాస్ట్. అందులో ఒకే మెసేజ్ ఒక్కొక్కరికీ విడివిడిగా వెళ్తుంది. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఒక టైలరింగ్ అమ్మాయి తన కస్టమర్లైన ఆడవాళ్లందరినీ గ్రూపులో పెట్టింది. వారం తిరక్కుండా అందులో ఇద్దరికి ఎవరెవరో ఫోన్లు చెయ్యడం మొదలైంది. ఆ ఇద్దరూ మళ్లీ ఆ షాపు మెట్లు ఎక్కలేదు. మీకు నమ్మకంతో ఇచ్చిన నంబరు అది, పంచిపెట్టే హక్కు మీకు లేదు.

బ్రాడ్‌కాస్ట్‌లో ఒక లిస్టుకి 256 మంది. మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. "పంపాను, ఎవరికీ వెళ్లలేదు" అని నా దగ్గరకొచ్చేవాళ్లలో ఎక్కువమందికి కారణం అదే. బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, కొత్త స్టాకొస్తే చెబుతాం" అనండి. సేవ్ చేసుకోనివాళ్లకి మీ కబురు అక్కర్లేదని అర్థం, వదిలెయ్యండి.

రాత్రి పదకొండుకి కూడా రేట్లు అడుగుతున్నారు. జవాబివ్వకపోతే కోపాలు. ఏం చెయ్యాలి?

వాట్సాప్ బిజినెస్‌లో "అవే మెసేజ్" (Away message, మనం లేనప్పుడు వెళ్లే జవాబు) అని ఉంటుంది. షాపు వేళలు పెట్టి, ఆ వేళ దాటాక దానంతట అదే వెళ్లేలా చెయ్యండి. మూడు భాషల్లోనూ పెట్టండి, ఒక్కో వరుస చాలు. రోజూ అడిగే వాటికి క్విక్ రిప్లై పెట్టుకోండి. ఏటవాలు గీత కొట్టి ఒక చిన్న మాట టైప్ చేస్తే మొత్తం జవాబు వచ్చేస్తుంది. నా షాపులో "ఫొటో" అని కొడితే పాస్‌పోర్టు ఫొటో రేటు, వేళలు, తెచ్చుకోవలసినవి అన్నీ వెళ్తాయి.

పనివాళ్లకి యజమానులు రాత్రి మెసేజ్‌లు పెట్టడం గురించి కూడా ఈమధ్య అడుగుతున్నారు. దానికి యాప్‌లో బటన్ లేదు. తెల్లారి ఎనిమిదికి చూశానని మర్యాదగా రాయండి. నాలుగు రోజులు అలా చేస్తే వాళ్లకే అర్థమవుతుంది. అందరికీ అవుతుందని నేను హామీ ఇవ్వలేను.

పేజీ చేసిపెట్టిన కుర్రాడు వెళ్లిపోయాడు. పాస్‌వర్డ్ వాడి దగ్గరే ఉంది. ఇప్పుడెలా?

నెలకి ఇద్దరు ముగ్గురు ఈ బాధతో వస్తారు. "ఏటమ్మా, నా షాపు నా సేతిలో నేదు" అని ఒక పెద్దాయన తల పట్టుకు కూర్చున్నాడు. కుర్రాడు భువనేశ్వర్‌లో ఉద్యోగంలో చేరిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. వాడేం దొంగ కాదు. తన జీమెయిల్‌తో గూగుల్ ప్రొఫైల్ తెరిచాడు, అప్పట్లో అదే తేలిక అనిపించింది. తర్వాత షాపు రోడ్డు అవతలికి మారింది, మ్యాప్ మాత్రం పాత చోటే చూపిస్తోంది. కొత్తగా వచ్చినవాళ్లు పాత చోటుకెళ్లి, అక్కడున్న సెలూన్‌లో స్టీలు బిందెలు అడుగుతున్నారు.

గూగుల్ ప్రొఫైల్ అయితే దారి ఉంది. మ్యాప్‌లో మీ షాపు తెరిచి, ఈ వ్యాపారం నాదే అని అర్జీ పెట్టాలి. ఇప్పుడు దాన్ని పట్టుకున్న మనిషికి మెయిల్ వెళ్తుంది. ఇవ్వకపోయినా, జవాబు చెప్పకపోయినా కొద్ది రోజుల తర్వాత చాలాసార్లు మీరే రుజువు చూపించుకునే వీలు ఇస్తుంది. వీధి, బోర్డు, లోపల కౌంటర్ కనిపించేలా వీడియో అడగచ్చు. ఆ పెద్దాయనకి మేం అలాగే తీశాం. మొదటిసారి బోర్డు మీద దుమ్ము పట్టి పేరు కనపడలేదని తిరగ్గొట్టారు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ తీశాం.

ఫేస్‌బుక్ పేజీ తిరిగి తెచ్చుకోవడం ఇంతకంటే కష్టం, కుర్రాడి కాళ్లు పట్టుకోవడమే ఎక్కువసార్లు పనిచేసింది. అసలు మొదట్లోనే ఇలా చెయ్యండి: మీ పేరుతో ఒక జీమెయిల్, మీ నంబరుతో. గూగుల్‌లో ఓనర్ మీరు, కుర్రాడు మేనేజర్. ఫేస్‌బుక్‌లోనూ పూర్తి హక్కు మీకు, పోస్టులు పెట్టే పని మాత్రం వాడికి. వాడి జీతం బాకీ లేకుండా చూసుకోవడం కూడా భద్రత కిందికే వస్తుంది.

రీల్స్ చెయ్యకపోతే వెనకపడిపోతామా?

మీ పని చూడ్డానికి బాగుంటే చెయ్యండి. మగ్గం మీద పట్టు చీర అంచులో గుడి శిఖరంలా వరుసగా లేచే ఫొడా కుంభ నేస్తున్న చేతుల్ని ముప్పై సెకన్లు తీయండి, పాటలు అక్కర్లేదు, మగ్గం చప్పుడు చాలు. బరంపురం పట్టుకి జీఐ గుర్తింపు (ఈ ఊరి సరుకని చెప్పే సర్కారు గుర్తింపు) ఉంది, ఆ సంగతి కింద రాయండి, నిజమైన పట్టుకే రాయండి. ట్యాక్స్ లెక్కలు చూసేవాళ్లు డాన్సు చెయ్యనవసరం లేదు.

డబ్బులో, సరుకో తీసుకుని ఎవరి వస్తువునైనా పొగిడితే, అది ప్రకటన అని కనిపించేలా చెప్పాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది స్పష్టంగా ఉంది. ఉచితంగా వచ్చిన చీర కూడా అందులోకే వస్తుంది.

ఫాలోయర్స్‌ని కొనచ్చా?

వద్దు. వాళ్లు చీర కొనరు.

చెడ్డ రివ్యూ రాశారు. తీయించడం ఎలా?

మీకు నచ్చలేదని తీయరు. బూతులున్నా, వేరే షాపు సంగతి మీకు అంటగట్టినా రిపోర్టు చెయ్యచ్చు. మిగతా వాటికి జవాబు రాయడమే. రెండు వరుసలు, కోపం దిగాక. "ఆ రోజు కరెంటు పోయి మీ ప్రింటు ఆలస్యమైంది, క్షమించండి, మళ్లీ వస్తే ముందు మీదే చేస్తాం." చదివేవాళ్లు రివ్యూ కంటే మీ జవాబునే ఎక్కువ చూస్తారు. మంచి రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామనడం గూగుల్ నియమాలకి విరుద్ధం, మర్యాదకీ విరుద్ధమే.

ఆన్‌లైన్‌లో పెద్ద ఆర్డర్ వచ్చింది, అడ్వాన్స్ కోసం క్యూఆర్ స్కాన్ చెయ్యమంటున్నారు. నమ్మచ్చా?

ఆపండి. డబ్బు మీకు రావాలంటే మీరు స్కాన్ చెయ్యనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు పోతోందని అర్థం. మిలిటరీ క్యాంటీన్‌కి రెండొందల ప్యాకెట్ల అప్పడాలు కావాలని హిందీలో గంభీరంగా మాట్లాడేవాళ్లు, బేరం ఆడనివాళ్లు, వెంటనే పంపమని తొందరపెట్టేవాళ్లు వస్తే అనుమానించండి. బేరం ఆడని కస్టమర్ బరంపురంలో ఉన్నాడా?

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. గంట ఆలస్యమైనా డబ్బు మరో ఖాతాకి దాటిపోతుంది. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో చెప్పకుండా కూర్చునేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. వాట్సాప్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి, ఆరంకెల పిన్ అడుగుతుంది. పుట్టిన తేదీ పెట్టకండి.

పాతపట్నం, ఇచ్ఛాపురం వాళ్లు వాట్సాప్‌లో ఆర్డర్ ఇస్తున్నారు. కొరియర్‌లో పంపచ్చా?

పంపేముందు జీఎస్టీ సంగతి తేల్చుకోండి. రెండు కిలోమీటర్లే అయినా సరిహద్దు దాటితే అది రాష్ట్రం దాటిన అమ్మకం. వస్తువులు రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవర్ తక్కువున్నా మామూలుగా రిజిస్ట్రేషన్ కావాలి. చేతివృత్తుల వస్తువులకి షరతులతో మినహాయింపు ఉంది, కాబట్టి నేతవాళ్లు, కొమ్ము పనివాళ్లు తమ అకౌంటెంట్‌ని అడిగి చూడాలి. సేవలైతే, అంటే డిజైన్, ట్యూషన్, లెక్కలు రాయడం లాంటివైతే, 20 లక్షల దాకా రాష్ట్రం దాటినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

మేం లాయర్లం, డాక్టర్లం, ప్రభుత్వ ఉద్యోగులం. మేం కూడా పేజీలు పెట్టుకోవచ్చా?

ఒక్కొక్కరికీ ఒక్కో కట్టుబాటు.

లాయర్లు పని కోసం ప్రకటనలు ఇవ్వకూడదని బార్ కౌన్సిల్ 36వ నియమం. 2008లో దాన్ని కొంచెం సడలించారు. వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, ఫోను, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఏ రకం కేసులు చూస్తారో లాంటివి పెట్టుకోవచ్చు. "వంద కేసులు గెలిచాం" అన్న బ్యానరు డిజైన్ చెయ్యమని ఒకరొచ్చారు, నేనే వద్దన్నాను. చార్టర్డ్ అకౌంటెంట్లకీ ఇలాంటి కట్టుబాట్లే ఉన్నాయి.

డాక్టర్లూ రోగుల్ని పిలిచే ప్రకటనలు ఇవ్వకూడదు. వాట్సాప్‌లో, వీడియోలో చూడడానికి మాత్రం 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలున్నాయి. మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అన్ని రకాల మందులూ ఫోన్‌లో రాయడానికి లేదు. రోగి ఎక్స్‌రే ఫొటోని "వింత కేసు" అంటూ గ్రూపులో పెట్టేముందు పేరు చెరిపారో లేదో చూసుకోండి. చెరిపినా అడక్కుండా పెట్టకండి.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగులకి 1959 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. అప్పటికి ఫేస్‌బుక్ లేదు కదా అనే వాదన విచారణలో నిలబడదు. సర్కారు పనిని విమర్శిస్తూ రాసేముందు, పక్క వ్యాపారం పేజీ పెట్టేముందు అది చదవండి.

ట్యూషన్ పిల్లల ఫొటోలు, మార్కులు పోస్టు చెయ్యచ్చా?

తల్లిదండ్రులు రాతపూర్వకంగా సరేనంటేనే. వాట్సాప్‌లో "సరే" అన్నా రాతే. తక్కువ మార్కులు వచ్చిన పిల్లల జాబితా ఎవరి అనుమతితోనూ పెట్టద్దు.

ఉద్యోగానికి లింక్డ్‌ఇన్ తప్పదా? మాది గునుపురం, ఇక్కడ ఎవరూ వాడరు.

అక్కడ వాడకపోవచ్చు, మిమ్మల్ని తీసుకునేవాడు విశాఖలోనో బెంగళూరులోనో కూర్చుని వాడుతున్నాడు. ఇంజినీరింగ్, నర్సింగ్, అకౌంట్స్ చదివినవాళ్లు పెట్టుకోవాలి. పాలిటెక్నిక్, ఐటీఐ వాళ్లకి మాత్రం ఫ్యాక్టరీలో పనిచేసే సీనియర్ ఫోన్ నంబరే ఇప్పటికీ ఎక్కువ పని చేస్తోంది.

ప్రొఫైల్‌లో భాషలు అనే చోటు ఖాళీ వదలకండి. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు. మనకిది పుట్టుకతో వచ్చింది కాబట్టి విలువ తెలియదు. రెండు రాష్ట్రాల్లో సరుకు అమ్మే కంపెనీకి, రెండు వైపుల నుంచి రోగులొచ్చే ఆసుపత్రికి ఈ వరుస చాలా అవసరం. మా షాపుకొచ్చే ఒక కుర్రాడు మెడికల్ రిప్రజెంటేటివ్ ఇంటర్వ్యూలో ఆ ఒక్క వరుస మీదే ఇరవై నిమిషాలు మాట్లాడానన్నాడు. రాయడం, చదవడం రెండూ వచ్చో, మాట్లాడడమే వచ్చో నిజంగా రాయండి. ఒడియా చదవడం రాకుండా వచ్చని రాస్తే, మొదటి రోజే చేతిలో ఒడియా కాగితం పెడతారు.

సర్టిఫికెట్లు డిజిలాకర్ అనే సర్కారు యాప్‌లో పెట్టుకోండి. అందులో జారీ చేసిన సంస్థ నుంచే వచ్చిన కాపీకి చట్టం దృష్టిలో అసలు కాగితం విలువే ఉంది. మీరు ఫొటో తీసి ఎక్కించుకున్నదానికి ఆ విలువ లేదు. ఈ తేడా తెలియక కౌంటర్ల దగ్గర గొడవ పడుతున్నారు.

ఒక యాప్ మూసేస్తే మా కస్టమర్లు ఏమవుతారు?

పోతారు. టిక్‌టాక్‌ని 2020 జూన్ 29న నిషేధించినప్పుడు, అక్కడ వేలమంది అభిమానుల్ని కూడబెట్టుకున్న మేకప్ అమ్మాయి ఒకామె మర్నాడు పొద్దున్న నా షాపు ముందు నిలబడింది. ఒక్క ఫోన్ నంబరు కూడా రాసి పెట్టుకోలేదు. గూగుల్ చిన్న షాపులకి ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లని 2024 మార్చిలో ఆపేసింది. వాటి చిరునామా వేసి వెయ్యి కార్డులు కొట్టించుకున్న కస్టమర్ నాకు ఇంకా మొహం చూపించడు, ఆ ఐడియా నాదే మరి.

ఆ తర్వాత నుంచి నేను ఒక నోటుబుక్ పెట్టాను. పేరు, ఊరు, నంబరు, ఏం పని చేయించుకున్నారు. సరిహద్దు అవతలివాళ్లకి ఆకుపచ్చ పెన్ను. నెలాఖరున దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, నా మెయిల్‌కి ఒక కాపీ. ఎవరైనా తమ నంబరు తీసెయ్యమంటే అడ్డంగా కొట్టేస్తాను.

మీ షాపుకి వచ్చి ఇవన్నీ చేయించుకోవాలంటే ఏం తెచ్చుకోవాలి?

మీ ఫోన్, ఛార్జర్, మీ పేరు మీదున్న సిమ్. షాపు బోర్డు ఫొటో పగటి వెలుగులో తీసినది. పాస్‌వర్డ్ మీరే టైప్ చెయ్యండి, నేను అటు తిరుగుతాను. ఓటీపీ నాకు చదివి వినిపించకండి, అలవాటు కొద్దీ గట్టిగా చదివేస్తారు, పక్కన క్యూలో పదిమంది ఉంటారు. కళ్లజోడు మర్చిపోకండి. ఠాకురాణి యాత్ర, అంటే మా ఊరి అమ్మవారి జాతర రోజుల్లో రావద్దు, షాపు తీసినా నేనుండను.